ఎలక్ట్రానిక్సు అభ్యాసమునకు పనిముట్లు: పొదుపుగా కొనుట ఎట్లు?

(రావికమతము గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



కొన్ని విద్యలు పుస్తకము చదివినంతమాత్రమున సగమే వచ్చును. తక్కిన సగము చేతితో చేసినగాని రాదు. వడ్రంగము అట్టిది, నేత అట్టిది, వంట అట్టిది. రేడియోలు, దీపములు, చిన్న చిన్న విద్యుత్పరికరములు స్వయముగా కూర్చుకొను ఎలక్ట్రానిక్సు విద్యయు అట్టిదే. గ్రంథాలయములో ఆ విద్యకు సంబంధించిన పుస్తకము దొరకును. పుస్తకములో పేర్కొన్న పనిముట్టు దొరకదు. పుస్తకము తెఱచిన బాలుడు మొదటి అధ్యాయము ఆసక్తితో చదువును. రెండవ అధ్యాయములో మల్టీమీటరు, సోల్డరింగు ఐరను, రెసిస్టరు అను పేర్లు కనబడును. అవి ఎచ్చట దొరకునో, ఎంత అగునో, ఏది ముందు కొనవలెనో చెప్పువారు లేక పుస్తకము మూసివేయును. ఆ మూసివేతకు కారణము పేదరికము మాత్రమే అని అనుకొనుట పొరపాటు. ఉన్న కొద్దిపాటి సొమ్మును ఏ వస్తువుపై పెట్టవలెనో తెలియకపోవుటయు అంతే పెద్ద కారణము.

ఖరీదైన పరికరములు లేనిదే ప్రయోగములు సాగవను భయమునకు చరిత్రలో చక్కని సమాధానమున్నది. జగదీశచంద్ర బోసు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో 1894 ప్రాంతమున విద్యుత్తరంగములపై పరిశోధన ఆరంభించినపుడు ఆయనకు తగిన ప్రయోగశాల లేదు. స్థానికుడైన ఒక రేకుపనివానిచేత ఆయన తనకు కావలసిన పరికరములు చేయించుకొనెను. తరంగములు ఏ దిశను కంపించునో పరీక్షించుటకు పురిపెట్టిన జనపనారను వాడెను. రైళ్ల వేళలు తెలుపు పుస్తకపు పుటల నడుమ తగరపు రేకులు పెట్టి మఱియొక పరికరము సిద్ధము చేసెను. జనపనార ఎఱుగని రైతు ఈ ప్రాంతమున లేడు. పుస్తకము లేని గ్రంథాలయము ఎచ్చటను లేదు. ఆ రెండింటితోనే ఆయన ప్రపంచము మెచ్చిన ప్రయోగములు చేసెను.

ఆంధ్రదేశమునకు ఈ విద్య క్రొత్తది కాదు. భీమవరము సమీపమున గల మోగల్లులో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావు, 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఎలక్ట్రానిక్సు కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థకు మూలపురుషుడయ్యెను. పల్లెలో పుట్టినవానికి ఈ విద్య అందరానిది కాదనుటకు ఆయన జీవితమే నిదర్శనము.

పూర్వము రేడియోలలో గాజు వాల్వులుండెడివి. అవి పనిచేయుటకు నూఱు వోల్టులకు మించిన విద్యుత్తు కావలసివచ్చెడిది. ధరయు ఎక్కువ, ప్రమాదమును ఎక్కువ. 1947 డిసెంబరులో అమెరికా దేశపు బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టిన తరువాత స్థితి మాఱినది. నేడు గడియారములో వేయు బ్యాటరీలు మూడు నాలుగు కూర్చినను ఎన్నియో ప్రయోగములు చేయవచ్చును. 1972లో విపణికి వచ్చిన 555 అను చిన్న ఐ.సి. నాలుగున్నర వోల్టులు మొదలు పదునైదు వోల్టుల వఱకు దేనితోనైనను పనిచేయును. దీపమును మినుకుమినుకుమనిపించును, గంటవలె మ్రోగించును, కాలమును కొలుచును. దాని ధర చిల్లర అంగడిలో ఒక కాఫీ ఖర్చును మించదు. కావున నేటి అభ్యాసకునకు విడిభాగముల ధర పెద్ద భారము కాదు.

మఱి భారమెచ్చటనున్నది? 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ రావికమతము భీమునిపట్నము - నర్సీపట్నము రహదారిపై నున్నది. ఇచ్చట ఎరువుల అంగళ్లు, కిరాణా అంగళ్లు ఉన్నవి గాని రెసిస్టరులు అమ్ము అంగడి లేదు. ఒక్క రూపాయి రెసిస్టరు కొఱకు చోడవరము మీదుగా విశాఖపట్నము పోయి వచ్చినవానికి ఆ రెసిస్టరు ధర ఒక్క రూపాయి కాదు. రానుపోను బస్సు చార్జీ, ఒక దినపు కూలి అందులో కలిసియున్నవి. తెచ్చినది తప్పు వస్తువైనచో ఆ మొత్తము రెండింతలగును. కావున పల్లెవాసికి పొదుపనగా అంగడివానితో బేరమాడుట కాదు. తప్పు వస్తువు కొనకుండుట, ఒక్కసారి పోయినపుడు ఆఱు నెలలకు సరిపడునది తెచ్చుకొనుట, పలువురు కలిసి కొనుట: ఈ మూడే అసలైన పొదుపు.

ఇందుకు ఒక సులభ సూత్రమున్నది. పనిముట్లు కొద్దిగా కొనవలెను, మంచివి కొనవలెను. విడిభాగములు విరివిగా కొనవలెను, చౌకవి కొనవచ్చును. చాలమంది దీనికి విరుద్ధముగా చేయుదురు. ఇరువది పనిముట్లు గల చౌక పెట్టె ఒకటి కొని, రెసిస్టరులు మాత్రము ఒక్కొక్కటి లెక్కపెట్టి తెచ్చుకొందురు. ఆ పెట్టెలో పదునైదు వస్తువులు ఏనాడును వాడబడవు. వాడిన అయిదును నెలలోపల విఱుగును.

పనిముట్లలో మొదటిది మల్టీమీటరు. కంసాలికి గీటురాయి ఎట్టిదో ఈ విద్యకు మల్టీమీటరు అట్టిది. వోల్టులు, ఆంపియర్లు, ఓములు కొలిచి వస్తువు మంచిదో చెడ్డదో చెప్పును. రెండు మూడు వందల రూపాయలలో దొరకు సాధారణ డిజిటల్ మీటరు బ్యాటరీలతో చేయు అభ్యాసమునకు చాలును. అయితే దాని హద్దు తెలిసికొనవలెను. అట్టి మీటర్లలో పెక్కింటికి 10 ఆంపియర్ల రంధ్రమునకు ఫ్యూజు లేదని ముఖముపై చిన్న అక్షరములతో వ్రాసియుండును. మీటరుపై వేయి వోల్టులని ముద్రించియున్నను, ఇంటి గోడలోని 230 వోల్టుల విద్యుత్తును దానితో కొలువబోవుట ప్రాణాపాయము. లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసించినపుడు మీటరు తప్పు అంకెలు చూపగలదు. క్రొత్త బ్యాటరీని కొలిచి, వచ్చిన అంకె సరియైనదో కాదో నెలకొకసారి చూచుకొనుట మంచిది.

రెండవది సోల్డరింగు ఐరను. 25 వాట్లది ఈ పనికి సరిపోవును. అంతకంటె ఎక్కువ వేడిది కొనినచో సర్క్యూటు బోర్డుపైని రాగిపూత లేచిపోవును. తక్కువదైనచో టంకము సరిగా కరుగదు. పేరులేని చౌక ఐరను ఒకప్పుడు ఎక్కువ కాగును, ఒకప్పుడు తక్కువ కాగును. ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడని సామెత. ఇచ్చట నిజముగనే మద్దెల ఓడు. అయినను క్రొత్తగా నేర్చుకొను బాలుడు తనకే చేతకాలేదని తలచి విద్యను మానివేయును. ఆ నష్టమును రూపాయలలో లెక్కింపరాదు. అందుచేత ఐరను విషయమున నూఱు రూపాయలు ఎక్కువైనను ప్రసిద్ధమైన తయారీది కొనవలెను. పూతగల మొనను ఆకురాతితో రాయరాదు. తడి స్పాంజితో తుడిచి, పని ముగియగనే మొనకు కొంచెము టంకము పట్టించి ఉంచినచో చిరకాలము మన్నును.

టంకపు తీగలో తగరము 63 పాళ్లు, సీసము 37 పాళ్లు ఉన్న రకము నేర్చుకొనువారికి అనుకూలము. అది 183 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక్కసారిగా కరిగి, ఒక్కసారిగా గట్టిపడును; అతుకు చెడదు. తీగ లోపలనే ఫ్లక్సు ఉన్నది కొనవలెను. సీసము విషపదార్థము. పని ముగిసిన తరువాత సబ్బుతో చేతులు కడుగుకొననిదే అన్నము ముట్టరాదు. పొగ ముఖమునకు తగులకుండ కిటికీ వద్ద కూర్చుండవలెను.

ఇవిగాక చిన్న వైరు కట్టరు ఒకటి, సన్నని ముక్కు గల ప్లయరు ఒకటి, రెండు స్క్రూడ్రైవరులు, టంకము లేకుండ తీగలు గ్రుచ్చి సర్క్యూటు కట్టుకొను బ్రెడ్‌బోర్డు ఒకటి ఉన్న చాలును. ఈ మొత్తము సరంజామా రెండువేల రూపాయల లోపల సమకూరును. మిగిలిన పనిముట్లన్నియు అవసరము కలిగిన దినమున కొనవచ్చును. అవసరము కలుగక మునుపు కొనుట అనవసరము.

ఇక విడిభాగములు. రెసిస్టరులు వందలకొలది విలువలలో దొరకును, అన్నియు కొననక్కరలేదు. 10, 15, 22, 33, 47, 68 అను ఆఱు అంకెలు గుర్తుంచుకొనిన చాలును. పది ఓముల మొదలు 680 కిలో ఓముల వఱకు ఈ ఆఱు అంకెలు అయిదు స్థానములలో వచ్చును. అనగా ముప్పది విలువలు. ఒక్కొక్కటి పది చొప్పున కొనినచో మూడు వందల రెసిస్టరులగును. నడుమ విలువ కావలసినపుడు రెండింటిని కలుపవచ్చును. పది కిలో ఓములవి రెండు వరుసగా కలిపిన ఇరువది. ప్రక్కప్రక్కన కలిపిన అయిదు. పావు వాటు రకము చాలును. విలువను దానిపైని రంగుల గీతలు తెలుపును. పసుపు నాలుగు, ఊదా ఏడు, తరువాతి ఎఱుపు రెండు సున్నలు; అనగా 4700 ఓములు. ఈ రంగుల పట్టికను ఒక అట్టపై వ్రాసి గోడకు తగిలించుకొనుట మేలు.

కెపాసిటరులలో నాలుగైదు విలువలు, బి.సి. 547 వంటి సాధారణ ట్రాన్సిస్టరులు ఇరువది, ఎల్.ఇ.డి. దీపములు కొన్ని, 555 ఐ.సి.లు అయిదు, అయిదు వోల్టుల స్థిర విద్యుత్తు నిచ్చు 7805 రెండు: ఇవి ఉన్నచో ఆఱు నెలల అభ్యాసమునకు లోటుండదు. ఒక్కొక్కటిగా కొనినపుడు రూపాయి పడు రెసిస్టరు నూటి కట్టగా కొనినచో చాల చౌకగా వచ్చును. నూఱును ఒక్కనికి అక్కరలేకపోవచ్చును, పదిమంది పంచుకొనవచ్చును.

ఊరిలో ఉచితముగా దొరకు గని మఱియొకటి ఉన్నది. అది పాతసామాను. పనిచేయని రేడియోలు, డిష్ పెట్టెలు, ఛార్జరులు, కంప్యూటరు భాగములు పాత ఇనుము కొనువానికి తూకమునకు పోవుచున్నవి. వాటిలో స్విచ్చులు, స్పీకరులు, తీగచుట్టలు, వేడిని చల్లార్చు అల్యూమినియము రేకులు చక్కగా ఉండును. వెలుగని ఎల్.ఇ.డి. బల్బులో తఱచు ఒక్క దీపమే చెడి, దానిపై నల్లని చుక్క కనబడును, తక్కినవి మంచివే. అయినను పాతసామానులో ఏది విడువవలెనో తెలియవలెను. సీసా ఆకారపు పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరులు లోపల ఎండిపోయి యుండును. వాటిని వాడుటకంటె క్రొత్తవి కొనుటయే లాభము. ఇంటి విద్యుత్తుతో నడచు పరికరములలోని పెద్ద కెపాసిటరులో ప్లగ్గు తీసిన తరువాతను మూడు వందల వోల్టులకు పైబడిన విద్యుత్తు నిలిచియుండవచ్చును. తెలిసిన పెద్దవారు దగ్గఱ లేక పిల్లలు అట్టి పెట్టెలను తెఱవరాదు. పాత ల్యాప్‌టాపు బ్యాటరీలను చీల్చరాదు, అవి నిప్పంటుకొనును. రాగి కొఱకు తీగలు కాల్చుట ఆ పొగ పీల్చు ఇరుగుపొరుగునకు అపకారము.

కొనుగోలునకు ఎచ్చటికి పోవలెను? దగ్గఱి పెద్ద నగరము విశాఖపట్నము. ఆవల హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ, మద్రాసు నగరమున మౌంటురోడ్డు ప్రక్కనున్న రిచీ వీథి ఈ వస్తువులకు పేరుపొందినవి. బంధువులు ఆ నగరములకు పోవునపుడు చీటీ వ్రాసి పంపవచ్చును. నేడు చరవాణి ద్వారా తెప్పించుకొను వసతియు ఉన్నది. అయితే చిన్న వస్తువు ధరకంటె పంపకపు ఖర్చే ఎక్కువగునట్టి చోట్ల పదిమంది కోరికలు ఒక్క చీటీలో చేర్చుటయే ఉపాయము.

చీటీ వ్రాయుటలో శ్రద్ధ వహింపవలెను. "రెసిస్టరులు ఇమ్ము" అనిన అంగడివాడు ఏమి ఇచ్చును? "పావు వాటు, 4.7 కిలో ఓములు, పది" అని వ్రాయవలెను. కెపాసిటరునకు విలువతోపాటు వోల్టులును వ్రాయవలెను. ఐ.సి.కి సంఖ్య పూర్తిగా వ్రాయవలెను. వస్తువులు ఇంటికి చేరిన దినముననే మీటరుతో పరీక్షించి, చెడినవి వేఱు చేసి, బిల్లు దాచుకొనవలెను. మిగుల చౌకగా అమ్ము పెద్ద ట్రాన్సిస్టరులలో నకిలీలు కలవు. పైన ముద్రించిన సంఖ్య ఒకటి, లోపలి సరకు వేఱొకటి. బెల్లపు దిమ్మను చూచి రకము చెప్పగల అనకాపల్లి వ్యాపారివలె అభ్యాసకుడును క్రమముగా చేతితో తాకి, కంటితో చూచి, మీటరుతో కొలిచి సరకును గుర్తించుట నేర్చుకొనును.

ఒక్క విషయమున మాత్రము పొదుపు పనికిరాదు. అది ప్రాణరక్షణ. పిల్లలు బ్యాటరీలతోగాని, బి.ఐ.ఎస్. గుర్తుగల తక్కువ వోల్టుల ఎడాప్టరుతోగాని మాత్రమే పనిచేయవలెను. ఐరనునకు మూడు కాళ్ల ప్లగ్గు, ఇంటికి సరియైన ఎర్తు ఉండవలెను. ఇరువది రూపాయల ఎడాప్టరు కొని కుఱ్ఱవానిని పోగొట్టుకొనిన ఇల్లు మరల కోలుకొనదు.

ఇంతవఱకు చెప్పినది ఒక్కొక్క అభ్యాసకునకు సంబంధించినది. ఇక గ్రంథాలయమునకు సంబంధించినది చెప్పవలసియున్నది. మల్టీమీటరును ఒక బాలుడు వారమునకు ఎన్ని గంటలు వాడును? రెండు మూడు గంటలు. మిగిలిన కాలమంతయు అది బీరువాలో ఊరక పడియుండును. పుస్తకమును ఇట్లే, ఒకరు చదివిన తరువాత బీరువాలో ఊరక ఉండరాదనియే గ్రంథాలయములు వెలసినవి. మఱి పనిముట్టు మాత్రము పదిమందికి ఎందుకు తిరుగరాదు?

ఇది వింత ఆలోచన కాదు. అమెరికాలోని బర్కిలీ నగర గ్రంథాలయము 1979లో పనిముట్లు అరువిచ్చు శాఖను తెఱచెను. అది నేటికిని నడచుచున్నది. పాఠకుడు గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే పాఠకుని వద్దకు పోవలెనని పాతూరి నాగభూషణము 1935లో గుంటూరు జిల్లా కాలువపై పడవ గ్రంథాలయము నడిపించెను. పుస్తకమును పడవ ఎక్కించినవారి వారసులకు మీటరును బీరువాలో చేర్చుట కష్టమైన పని కాదు.

లెక్క చూచినచో విషయము తేటపడును. రెండు మీటర్లు, స్టాండులతో రెండు ఐరనులు, కట్టరులు, ప్లయరులు, స్క్రూడ్రైవరులు, నాలుగు బ్రెడ్‌బోర్డులు, టంకపు తీగ, పైన చెప్పిన విడిభాగములు: ఇవి అన్నియు చేరి సుమారు అయిదువేల రూపాయలగును. ఏబదిమంది చందాదారులు తలకు నూఱు రూపాయలు వేసికొనినచో ఒక్క దినమున సమకూరును. పనిముట్లు పుస్తకములవలెనే రిజిస్టరులో వ్రాసి వారమునకు అరువీయవచ్చును. విడిభాగములను విలువ వ్రాసిన చిన్న డబ్బాలలో ఉంచి, కొన్న ధరకే అమ్మి, ఆ సొమ్ముతో మరల తెప్పింపవచ్చును. ఐరనులు మాత్రము ఇంటికి పంపక, ఆదివారమున గ్రంథాలయపు వరండాలో ఒక పెద్దవాని ఎదుటనే వాడించుట క్షేమము. పగటివేళ నలుగురి నడుమ జరుగు పనియగుటచేత ఆడపిల్లలును నిస్సంకోచముగా వచ్చి నేర్చుకొందురు.

ఈ విద్యవలన గ్రామమునకేమి లాభమని అడుగువారు 2014 అక్టోబరు 12ను తలచుకొనవలెను. ఆనాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినది. స్తంభములు కూలినవి. జిల్లాలో పెక్కు చోట్ల దినముల తరబడి కరెంటు లేదు, ఫోనులు మూగవోయినవి. పట్నములో నున్న బిడ్డ క్షేమము తెలియక పల్లెలో తల్లులు అలమటించిరి. అట్టి వేళ ఒక పాత బ్యాటరీ, ఒక 7805, రెండు కెపాసిటరులతో ఫోనునకు ప్రాణము పోయగలవాడు ఊరిలో ఒక్కడున్నను వీథికంతటికి ఆధారమగును. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు, హైదరాబాదులోని ఔత్సాహిక రేడియో సంస్థ వారు అప్పటి పోర్టుబ్లెయిరులో నుండిరి. ఇతర మార్గములు తెగిపోగా వారి రేడియోల మీదుగానే అండమానులో చిక్కుకొనినవారి క్షేమసమాచారములు బయటి ప్రపంచమునకు చేరినవి. ఆపద వచ్చిన దినమున నేర్చుకొనబోయిన ఈ విద్య రాదు. ముందుగా, తీరికగా, ఆటగా నేర్చినవారికే అది ఆ దినమున అక్కరకు వచ్చును.

ఇరువదియైదు సంవత్సరములు పుస్తకములు అందించిన గ్రంథాలయము రజతోత్సవ సంవత్సరమున ఒక్క బీరువాలో ఒక్క అర ఈ పనిముట్లకు కేటాయించినచో, పుస్తకము తెఱచిన బాలుడు రెండవ అధ్యాయమున ఆగిపోడు. కార్యవర్గము వారు ఈ విషయము ఆలోచింతురు గాక.